నిమిషం పచ్చడి

సూళ్ళూరుపేట బస్టాండు వెనక మా బ్యాటరీల షాపు.
నాకు తెలిసిన పడవలన్నీ లారీలే.
ఆసిడ్ పడి చిల్లులైన చున్నీతో
పులికాట్ నీళ్ళ మీద మొదటిసారి కూర్చున్నప్పుడు
స్క్రూడ్రైవర్ కూడా ఊగుతుందని
నాకెవరూ చెప్పలేదు.

ఏకాంబరం పడవకి తెరచాప ఒకటి,
నూరు వాట్ల పానెల్ ఒకటి,
బ్యాటరీ ఒకటి. అది నేనే అమ్మింది.
"మూడు నెల్లకే సచ్చిపోయింది పాపా, నువ్వే వచ్చి చూడు" అంటే
వచ్చినా.

చావలేదు. చంపుతా ఉండారు.
టెర్మినళ్ళ మీద ఉప్పు పచ్చగా పూసింది.
ఫ్యూజు ఉండాల్సిన చోట
సిగరెట్ పెట్టెలోని జిగేలు కాయితం.
మీటరు పెడితే పదకొండున్నర.
పన్నెండుకి దిగితే బ్యాటరీ నవ్వదు అంటాడు మా నాయిన,
పదకొండున్నరకి పలకదు.

పీతల బుట్టల కాడ లంగరేసి పడుకుంటే
స్తంభం కొనన దీపం తెల్లార్లూ ఉండాల.
లేకుంటే పళవేర్కాడు పక్క నించి ఇంజన్ పడవలు
చీకట్లో మీదికెక్కేస్తాయి.
అడుగున ఊరిన నీళ్ళు తోడను పంపు.
రెండు ఫోన్లు.
ఒక రేడియో, దాని జోలికి మాత్రం పోవద్దన్నాడు.
అన్నీ అట్ట మీద రాసి కూడినా.
లెక్క సరిపోతానే ఉంది.
మరి కరెంటు యాడికి పోతా ఉండాది?

దేవసేనక్క కాసేపు వల చిక్కు తీసింది.
తర్వాత పరుపు చుట్టలోంచి,
నిద్రపోయే పిల్లను ఎత్తినట్టు,
బయటికెత్తింది
మిక్సీని.

తిరపతి గాంధీరోడ్డులో ఇన్వర్టరుతో పాటు కొన్నదంట.
"రోలు ఎక్కిస్తే పడవ వంగతాది గదమ్మా."
నెలకి ఇరవై రోజులు నీళ్ళ మీదే కాపరం.
ఎండుమిరక్కాయ పచ్చడి లేకపోతే
ఆయనకి ముద్ద దిగదంట.
ఆయన ఆకాశం వైపు చూసినాడు,
మిక్సీని అక్కడే మొదటిసారి చూస్తున్నట్టు.

నేను చెవి మీది పెన్సిలు తీసినా.
మిక్సీ ఒక్క నిమిషం తిరిగితే
స్తంభం మీది దీపానికి మూడు గంటలు.
"అంటే అక్కా, రోజూ రాత్రి మీరు
అన్నంలో దీపం కలుపుకోని తింటా ఉండారు."

ఎవరూ నవ్వలేదు.
ఆమె చెయ్యి చాపి మీటరు అడిగింది.
పానెల్ పక్కన బాసింపట్టేసి కూర్చుంది.
తెరచాప నీడ అద్దం మీదికి జరిగితే
ఆరు ఆంపియర్లు అరకి పడిపోవడం,
పడవ మలుపు తిరిగితే మళ్ళీ లేవడం,
గంటసేపు, గాలం వేసినోళ్ళు బెండు చూసినట్టు చూసింది.
పదేళ్ళుగా నేను చూసింది అంకెల్ని.
ఆమె చూసింది నీడని.

పన్నెండయింది. మొగుణ్ణి పిలిచింది.
"చాప దించు."
"మంచి గాలి మే."
"దించు."

చాప దిగింది.
పడవ ఉన్నచోటే ముక్కు అటూ ఇటూ ఊపింది.
ఎండ పానెల్ మీద పూర్తిగా పరుచుకుంది.
మిరక్కాయలు, ఎల్లుల్లి, చింతపండు, మూత.
మిక్సీ అరిచిన అరుపుకి
అల్లంత దూరాన ఫ్లెమింగోలు తలలెత్తినాయి,
మాకేం సంబంధం అన్నట్టు మళ్ళీ దించుకున్నాయి.
నేను గడియారం పట్టుకున్నా.
ఎనిమిది నిమిషాల్లో
ఎండ ఆ అప్పు తీర్చేసింది.

ఫ్యూజు వేసినా, టెర్మినళ్ళు గీకి వ్యాజలైన్ పూసినా.
కూలి సగం డబ్బు, సగం హార్లిక్సు సీసాలో పచ్చడి.
సీసా ఇంకా తిరిగి ఇయ్యలేదు.

ఇప్పుడు షార్ రోడ్డు మీద ఏ పని మీదన్నా పోతా ఉంటే,
పక్షుల్ని చూడను కార్లాపినోళ్ళు
నడినీళ్ళలోకి వేలు చూపించి
"పాపం, ఆ పడవకేదో అయింది,
ఇంత గాలిలో చాప దించేసినారు" అంటే
స్కూటీ ఆపి టైం చూస్తా.
సరిగ్గా పన్నెండు.
నోట్లో నీళ్ళూరతాయి.